మరకల డాక్టరు బావి

లాండ్రీ ఆయనకి మరకల డాక్టరు అన్న పేరు పుట్టుకతో రాలేదు, చదివితే రాలేదు. పెట్రోలు పుణ్యమా అని వచ్చింది. కాకపోతే ఆ సంగతి తెలిసేసరికి పేరు బాగా అలవాటైపోయింది. అలవాటైన పేరు తడిసి ఒంటికి అతుక్కున్న చొక్కా లాంటిది. విప్పడం అంత తేలిక కాదు.

అంతకు ముందు ఆయనా అందరిలాంటి లాండ్రీ ఆయనే. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక పెరట్లో రెండు సిమెంటు తొట్లు, బట్టలారేసే తీగలు, మూలగా ఒక పాత బావి, బావికి ఒక మోటారు. తాగడానికి వీధి కుళాయి నీళ్ళు, ఉతకడానికి బావి నీళ్ళు. పెరటి గోడ అవతల పెట్రోలు బంకు. బంకు ఎవరిదో కాదు, సొంత వియ్యంకుడిదే. ఒక్కగానొక్క కూతుర్ని ఆయన కొడుక్కిచ్చారు. సంబంధం మాట్లాడుకునే రోజుల్లో డాక్టరు భార్య మురిసిపోయింది. "పిల్ల అక్కడ దగ్గితే మనకిక్కడ వినబడుతుంది. ఇంతకన్నా ఏం కావాలండీ" అంది. పెళ్ళయ్యాక వినబడింది పిల్ల దగ్గు కాదు, వియ్యంకుడు బావగారి కేకలు. ఆయన మాట్లాడితే కేక, కేకేస్తే ఉరుము. మంచి మాట చెప్పినా గోడ మీద కాకులు లేచిపోయేవి.

ముందు వాసన పట్టింది డాక్టరు భార్యే.

"ఏమండీ, నీళ్ళు అదోలా ఉన్నాయి."

"ఎలా ఉన్నాయి?"

"స్కూటరు పక్కన నిలబడ్డట్టుంది."

"గోడవతల బంకు పెట్టుకుని స్కూటరు వాసన వస్తోందంటావేంటే. గులాబీల వాసనొస్తే నాకు చెప్పు, ఆలోచిద్దాం" అన్నాడాయన.

ఆవిడ ఇంకేం అనలేదు. ముప్పూటా మాటకి మాట చెప్పే మనిషి చేతిలో తడిబట్ట ఉన్నప్పుడు మాత్రం ఊరుకుంటుంది.

ఆ వారంలోనే ఒక మెకానిక్కు తన ఖాకీ బట్టలు తెచ్చి పడేశాడు. ఖాకీ అని ఆయన చెబితే నమ్మాలి గాని, అసలు రంగేమిటో గ్రీజు కింద ఎవరికీ కనబడలేదు. "పోతే పోయింది, కాస్త జాడించివ్వండి చాలు" అన్నాడు. తొట్లో నానేసి తీసేసరికి గ్రీజు ఎటు పోయిందో పోయింది. బట్టలు కొత్తగా కుట్టించినట్టున్నాయి. మెకానిక్కు వాటిని ఇటూ అటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇది పెట్రోలు వాష్ కదండీ. పెద్ద పెద్ద షాపుల్లో పట్టుబట్టలకి చేస్తారు. మామూలు ఉతుక్కే మీరు ఇది చేస్తున్నారా?"

లాండ్రీ ఆయన కాదనొచ్చు. కాదనడానికి ఆయనకి నోరుంది, దాంట్లో నాలికుంది. కానీ ఆ క్షణాన ఆ రెండూ పనిచేయలేదు. తల కొంచెం పక్కకి వంచి, "ఏదో, మన పద్ధతి మనది" అన్నాడు.

అంతే. ఊరంతా పాకిపోయింది. నూనె మరక, తారు మరక, రంగు మరక, ఏ మరకైనా ఆయన దగ్గరికే. ఎవరో మరకల డాక్టరన్నారు, అందరూ అన్నారు, చివరికి ఆయన కూడా అద్దంలో చూసుకుని అనుకున్నాడు. పద్ధతేమిటని అడిగిన వాళ్ళకి చెప్పడానికి ఒక పద్ధతి కూడా తయారుచేసుకున్నాడు. బట్టని ఎడమ పక్కకే పిండాలట. మరక మీద అరచేత్తో తట్టాలట, గట్టిగా కాదు, నిద్రపోయే పసిపిల్లని తట్టినట్టు. చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు. వచ్చినప్పుడల్లా ఆయన తట్టేవాడు. పాపం తట్టించుకున్న మరకలన్నీ పోయేవి, తట్టించుకోనివి కూడా పోయేవి. రెండోది ఎవరూ గమనించలేదు.

పోయినవి మరకలొక్కటే కాదు. ఆవిడ చేతుల మీద తోలు ఎర్రబడి పగిలింది. సాయంత్రమయ్యేసరికి ఇద్దరికీ తల దిమ్ముగా ఉండేది. బావి పక్కనున్న జామచెట్టు ఆకులు రాల్చేసి ఊరుకుంది. డాక్టరుగారు వీటన్నిటికీ తలో కారణం చెప్పాడు. చేతులకి సబ్బు, తలకి ఎండ, చెట్టుకి వయసు.

ఇక గోడవతల కథ వేరే నడుస్తోంది.

బావగారు పొద్దున్నే బంకులో ట్యాంకు మూత తీసి, పొడుగాటి ఇనప కర్ర లోపలికి దించి, పెట్రోలు ఎంతుందో చూసుకుంటాడు. బంకు పెట్టిన నాటినుంచీ ఆ పని ఆయనదే, ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వడు. ఈమధ్య కర్ర మీద తడి రోజురోజుకీ కిందికి దిగుతోంది. అమ్మింది తక్కువ, తగ్గింది ఎక్కువ. భూమిలో పాతిపెట్టిన ట్యాంకులో పెట్రోలు తగ్గిందంటే కారణాలు రెండే. ట్యాంకుకి చిల్లన్నా పడాలి, ఇంట్లో దొంగన్నా పడాలి. బావగారు ఎంతోసేపు ఆలోచించకుండానే దొంగనే ఎంచుకున్నాడు. చిల్లయితే బంకు తవ్వాలి, అమ్మకం ఆపాలి. దొంగయితే అరిస్తే చాలు. అరవడం ఆయనకి వచ్చిన పని.

సాయంత్రాలు బంకు చూసుకునేది కొడుకు. అంటే మన డాక్టరుగారి అల్లుడు. మెతక మనిషి. తండ్రితో మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకుని, తర్వాత మాట సవరించుకుని, చివరికి మానేసే రకం. ఆ పిల్లాడు ధైర్యం చేసి రెండు మూడు సార్లు చెప్పాడు.

"నాన్నా, ట్యాంకు పాతదైపోయింది. కింద ఎక్కడో తుప్పు పట్టి కారుతున్నట్టుంది. ఒకసారి తవ్వించి చూద్దాం."

"ఆ ట్యాంకు నేను మీ అమ్మని చేసుకున్న ఏడాది వేయించాను. నా కాపురానికి చిల్లు పడిందా? ట్యాంకుకెందుకు పడుతుంది?"

"కాపురం ఇనుము కాదు కదా నాన్నా."

ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే ఇంకో నాలుగు నెలలు గడిచేదేమో. ఆ పొద్దున బండ్ల వాళ్ళు వరసలో నిలబడి ఉండగా, పైపు పట్టుకున్న పనివాళ్ళు చూస్తుండగా, బావగారు గొంతెత్తాడు. "చిల్లు ట్యాంకుకి కాదురా, నీ బుద్ధికి పడింది. రోజూ ఎంత తోడి ఎక్కడ అమ్ముకుంటున్నావో చెప్పు. దొంగతనం చేసి, పైగా ట్యాంకు మీదికి తోస్తావా" అన్నాడు. పైపు పట్టుకున్నవాడు ఆ కంగారులో ఎవరి బండిలోనో పెట్రోలు పొర్లించాడు.

గోడ ఇవతల డాక్టరుగారు అదంతా విన్నాడు. తెరలు తెరలుగా కాదు, పూర్తిగా, దగ్గులతో సహా విన్నాడు.

మధ్యాహ్నానికి కూతురు, అల్లుడు ఒక సంచీతో వచ్చారు. గోడకి చిన్న తలుపుంది, దాంట్లోంచి రావచ్చు. కానీ వీధి వెంట చుట్టూ తిరిగి వచ్చారు. అలిగి వచ్చేవాళ్ళకి దగ్గరిదారి పనికిరాదు.

అల్లుడు పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. కడుక్కుంటూ ఆగిపోయాడు. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మావయ్యగారూ, ఇది పెట్రోలండీ."

"సబ్బు."

"నేను బంకులో పుట్టి పెరిగానండీ."

"నేను సబ్బులో పెరిగాను. సబ్బే" అన్నాడు డాక్టరు.

భార్య ఆయన వంక చూసింది. ఆ చూపుకి మరకలు పోతాయో పోవో గాని, ఆయన మొహంలో రంగు మాత్రం పోయింది.

నాలుగు రోజులు గడిచాయి. కూతురు ఇస్త్రీ బల్ల దగ్గర తల దించుకుని పనిచేసేది. వచ్చిన వాళ్ళల్లో ఒకరు బట్టలు తీసుకుంటూ, "ఆ బంకు దొంగ అంటే మీ ఆయనేనా అమ్మా" అని చాలా ఆప్యాయంగా అడిగారు. ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా పిల్ల చెయ్యి కదపలేదు.

మండు వేసవి కావడంతో బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. ఆ సాయంత్రం మోటారు నీళ్ళు పట్టడం మానేసి గాలి పీలుస్తూ మూలిగింది. డాక్టరు తాడు కట్టి బకెట్టు దించాడు. ఇన్నాళ్ళూ మోటారు పైపు అడుగునుంచి నీళ్ళు లాగేది, వాటితో కాస్త కాస్త కలిసి వచ్చిందే తప్ప పైనెంత తేలుతోందో దానికి పట్టలేదు. బకెట్టు మాత్రం పైపైనే ముంచుకుని వచ్చింది. చూస్తే సగం దాకా నీళ్ళు, ఆ పైన లేత పసుపు పచ్చగా ఇంకేదో. దాని మీద రంగురంగుల పొర. వాసనకి కళ్ళు మండాయి.

ఆయన బకెట్టు కింద పెట్టాడు. ఎడమ పక్కకి పిండడం, పసిపిల్లని తట్టినట్టు తట్టడం, ఆ విద్యంతా ఆ బకెట్లో తేలుతూ కనబడింది. ఇది బయటపెడితే అల్లుడు దొంగ కాడని తేలుతుంది. దాంతోపాటు తను డాక్టరు కాడనీ తేలుతుంది. బావి మూత, లాండ్రీ మూత, పేరు గంగపాలు. దాచిపెడితే పేరుంటుంది, దుకాణం ఉంటుంది, కూతురు తల దించుకునే ఉంటుంది.

"బాగా ఆలోచించండి" అంది భార్య వెనకనుంచి. "మరకని తడితే మంచి ఆలోచన వస్తుందేమో."

మర్నాడు ఒక సీసాలో ఆ పసుపు పచ్చది పోసుకుని బావగారి దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ వేశారు. మర్యాదలన్నీ జరిగాయి.

"బావగారూ, ఇది మా బావిలోది. వాసన చూడండి."

బావగారు చూశాడు. ఆయన ముక్కు అబద్ధం చెప్పలేదు, కనుబొమలు పైకి లేచాయి. కానీ నోటికి అలాంటి బలహీనతలేవీ లేవు.

"పెట్రోలే. అయితే ఏంటండీ?"

"మీ ట్యాంకు కారుతోందేమోనని."

"మీ అల్లుడు తోడింది మీ ఇంట్లో దాచాడేమోనని నేను అనుకోకూడదా? సీసాలో పెట్రోలు పోసుకొచ్చి బావిలోదంటే నేను నమ్మాలి. రేపు చెరువులోదంటారు. కూతురి కాపురం కోసం మీరు పడే తాపత్రయం నేను అర్థం చేసుకోగలను బావగారూ. కాఫీ తాగి వెళ్ళండి."

ఆయన కాఫీ తాగి వచ్చాడు. ఇంటికొచ్చి భార్యకి చెబితే ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆలోచించింది.

"ఆయన చిల్లు ఒప్పుకోడండీ. ఆయన తప్పని ఆ నోటితో చస్తే అనడు. కానీ తన సొమ్ము పక్కింట్లో ఉందంటే చూస్తూ ఊరుకుంటాడా?"

డాక్టరుకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, భార్య మాట విన్నట్టు తల ఊపడమే కాకుండా నిజంగానే విన్నాడు.

టీ కొట్టు దగ్గరికి వెళ్ళి, టీ చల్లారేదాకా ఊదుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు ఎవరికీ చెప్పకుండా అన్నాడు. "మా బావిలో పెట్రోలు పడింది. భూమిలో ఊట ఉన్నట్టుంది. ఇక ఉతుకుడు మానేసి అదే అమ్ముకుంటే పోలా అనిపిస్తోంది."

టీ కొట్టుకి అంతకు మించి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నానికి పెరటి నిండా జనం. డబ్బాలు పట్టుకొచ్చిన వాళ్ళు, సీసాలు పట్టుకొచ్చిన వాళ్ళు, ఏమీ తీసుకురాకుండా సలహాలు తెచ్చిన వాళ్ళు. ఒకాయన బీడీ వెలిగించబోతే డాక్టరు భార్య చేతిలోంచి లాక్కుని తొట్లో ముంచింది. ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ముందే ఆర్పేసి ఉంచింది. బావి చుట్టూ తాడు కట్టి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా బట్టలు దండెం మీద ఆరేసే కర్రతో కాపలా నిలబడింది.

గోడ తలుపు ధడేలుమని తెరుచుకుంది. ఆ తలుపులోంచి బావగారు రావడం అదే మొదలు. గొంతు ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు.

"ఎవర్నడిగి అమ్ముతున్నారండీ మీరు?"

"నా బావి బావగారూ. నా బావిలో పడిందాన్ని నేనెవర్నడగాలి?" అన్నాడు డాక్టరు, చాలా వినయంగా.

"బావి మీదయితే అయింది. అందులో ఉన్నది నా పెట్రోలు."

"మీదంటే ఎలాగండీ. దాని మీద పేరేమన్నా రాసుందా? భూమి తల్లి ఇచ్చింది."

"భూమి తల్లి రిఫైనరీ పెట్టుకుందా? చూస్తే తెలీదూ, అది నా ట్యాంకులోంచి వచ్చిందే."

"మీ ట్యాంకు గట్టిది కదా బావగారూ. మీ పెళ్ళయిన ఏడాది వేయించారు. దాంట్లోంచి ఎలా వస్తుంది?"

"కారి వచ్చింది. కారకుండా నడిచొస్తుందా?"

పెరట్లో జనమంతా ఇద్దరి వంకా చూశారు. గోడ మీద కాకులు కూడా లేచిపోకుండా చూస్తున్నాయి. అల్లుడు ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డాక్టరు అటు తిరిగి, "విన్నావా బాబూ. కారిందట" అన్నాడు.

బావగారు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ నోరు చప్పుడు లేకుండా మూసుకోవడం చూసినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆయన మొహంలో ఒకటే ఆలోచన కనబడుతోంది. అన్న మాటని ఎలా వెనక్కి లాక్కోవాలా అని. లాక్కోవాలంటే ఆ పెట్రోలు తనది కాదనాలి. అది మాత్రం ఆయన వల్ల కాలేదు. "ఏదేమైనా అది నాది. ఇన్నాళ్ళూ దాంతో మీరు మరకలు తీసుకున్నారు, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం" అని గొణిగి, గోడ తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఇంత గోలయ్యాక బంకులు తనిఖీ చేసే సర్కారు ఆఫీసువాళ్ళు రాకుండా ఉంటారా. వచ్చారు. నిదానంగా, ఎప్పుడో రావాల్సింది కాబట్టి తొందరేముందన్నట్టు వచ్చారు. బావి నీళ్ళు సీసాల్లో పట్టారు. వీధిలో దిగువనున్న ఇళ్ళ నీళ్ళూ పట్టారు. రెండిళ్ళ బోరులో కూడా వాసన తగిలింది. ఆ ఇళ్ళవాళ్ళు డాక్టరు చేత మరకలు తీయించుకున్న వాళ్ళే. తమ పిల్లలకి ఒంటి మీద దద్దుర్లు ఎందుకొస్తున్నాయో వాళ్ళకి ఆవేళ తెలిసింది. బావికి మూత వేయించారు. లాండ్రీ ఆపమన్నారు. బంకు మూయించి, నేల తవ్వించారు.

ట్యాంకు బయటపడేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. పొట్ట కింద తుప్పు తినేసి, సూది దూరేంత చిల్లు. చుట్టూ మట్టి నల్లగా, జిడ్డుగా మారిపోయి ఉంది. ఆ మట్టి అంతా తవ్వి తీసుకుపోవాలన్నారు. నీళ్ళు బాగుపడటానికి ఏళ్ళు పడుతుందన్నారు. ఎన్నేళ్ళని అడిగితే ఆఫీసరు ఆకాశం వైపు చూశాడు. సమాధానం అక్కడ కూడా లేదు.

తర్వాత ఆఫీసరు బావగారి వైపు తిరిగాడు. మర్యాదస్తుడే. వియ్యంకులిద్దరికీ కుర్చీలు వేయించి మాట్లాడాడు.

"పెట్రోలు తగ్గుతోందని మీకు తెలుసు కదండీ. కారుతోందని తెలిసి కూడా చెప్పకపోతే మీ లైసెన్సు పోతుంది. కారుతోందని తెలీదు, ఎవరో ఎత్తుకుపోతున్నారనుకున్నాను అంటే అది వేరు. జరిమానాతో పోతుంది. మీవాడి మీద అనుమానపడ్డారని వీధంతా చెబుతోంది. అలాగే రాసుకోమంటారా?"

బావగారికి ఇంత తేలికైన దారి ఇంకెవరూ చూపించలేదు. కొత్తగా ఏమీ చెప్పనక్కర్లేదు, ఇన్నాళ్ళూ అరిచిందే ఇంకొక్కసారి అంటే చాలు. కొడుకు గుంట అవతల అంచున, నల్లమట్టిలో నిలబడి ఉన్నాడు. తండ్రి వంక చూడటం లేదు. డాక్టరు కూతురు మొగుడి పక్కనే ఉంది. ఆ పిల్ల మాత్రం మావగారి వంకే చూస్తోంది.

డాక్టరుకి సంగతి అర్థమైంది. బావగారు ఔనంటే అయిపోయినట్టే. అల్లుడి దొంగతనం ఈసారి కాగితం మీదికి ఎక్కుతుంది. బావగారిని ఎలా ఆపాలో ఆయనకి తోచలేదు. చాలా వెటకారాలు సిద్ధంగా పెట్టుకునొచ్చాడు గాని ఒక్కటీ నోటికి రాలేదు. అప్పుడాయన తనకే తెలియకుండా లేచి నిలబడ్డాడు.

"ముందు నాది రాసుకోండి సార్."

"మీదేముందండీ?"

"మా బావిలో వాసన ఎప్పుడో వచ్చింది. మా ఆవిడ చెప్పింది, నేను కాదన్నాను. మా అల్లుడు చెప్పాడు, సబ్బన్నాను. అప్పుడే చెప్పుంటే ఇంత దూరం పాకేది కాదు. ఆ పిల్లల ఒంటికి దద్దుర్లు వచ్చేవి కావు. మరకలు పోతుంటే నా చెయ్యి మంచిదనుకున్నాను." వీధివాళ్ళ వైపు తిరిగి అన్నాడు. "మీ మరకలు నేను తీయలేదు. ఆయన పెట్రోలు తీసింది. తట్టడం, ఎడమకి పిండడం, అదంతా ఉత్తిదే."

ఎవరో నవ్వబోయి ఆగారు. దిగువింటి ఆవిడ తన బిడ్డని చంకలో సర్దుకుని, ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. ఆయనకి అది దక్కాల్సిందే, దక్కింది.

బావగారు ఆయన వంక కొంచెంసేపు తేరిపార చూశాడు. వియ్యంకుడనే మనిషిలో తను ఇన్నాళ్ళూ చూడంది ఏదో చూసి, అది తనకి బొత్తిగా నచ్చనట్టు చూశాడు.

"మిమ్మల్ని ముందు చెప్పమని ఎవరడిగారండీ" అన్నాడు. "అన్నిటికీ నా కంటే ముందు దూకడం." తర్వాత ఆఫీసరు వైపు తిరిగాడు. గొంతు ఎప్పటిలా లేచింది గాని, మధ్యలో ఎక్కడో తడబడింది. "తెలుసని రాసుకోండి."

"కారుతోందని తెలుసనా?"

"మావాడు చెప్పాడు. ఒకసారి కాదు. నేనే వినలేదు. వాణ్ణి దొంగన్నాను, అది కూడా రాసుకోండి. వాడు దొంగ కాదు. ఇంతకన్నా గట్టిగా చెప్పమంటే నా వల్ల కాదు, గొంతు బాలేదు."

ఆఫీసరు రాసుకున్నాడు. లైసెన్సు పోయేలాగే రాసుకున్నాడు, ఆయన మర్యాదస్తుడే గాని ఉద్యోగస్తుడు కూడా.

బావగారు కుర్చీలోంచి లేచి గుంట దగ్గరికి వెళ్ళాడు. కొడుకు ఇంకా ఆ నల్లమట్టిలోనే ఉన్నాడు.

"ఆ మట్టిలో ఏం చూస్తూ నిలబడ్డావురా. చెప్పులు పాడవుతాయి."

"నువ్వు కూడా దాంట్లోనే నిలబడ్డావు నాన్నా."

బావగారు కిందికి చూసుకున్నాడు. నిజమే, చీలమండల దాకా దిగబడి ఉన్నాడు. కొడుకు చెయ్యి చాచాడు. ఆయన పట్టుకున్నాడు. పట్టుకుని గట్టు మీదికి వస్తుండగా లైసెన్సు సంగతి అప్పుడే బుర్రకెక్కినట్టుంది, చెడామడా తిట్టడం మొదలుపెట్టాడు. ఆఫీసర్ని, ట్యాంకు చేసినవాణ్ణి, వియ్యంకుణ్ణి, వియ్యంకుడి బావిని. కొడుకుని మాత్రం తిట్టలేదు. కొడుకు కూడా చెయ్యి వదల్లేదు.